బాపు మీదుగా బంతి

గోల్ఫ్‌లో లాబ్ షాట్ అని ఒకటుంది. అందులో బంతిని దూరం కొట్టరు, ఎత్తుకు కొడతారు. అది దాదాపు నిలువుగా లేచి, పైన కాస్త తీరిగ్గా ఆలోచించుకుని, మెత్తగా కిందపడి, పడ్డచోటే ఆగిపోవాలి. ముందు ఏదైనా అడ్డం ఉండి, దాని వెనకాలే జెండా ఉంటే వేరే దారి లేదు, ఈ షాటే కొట్టాలి. మామూలుగా ఆ అడ్డం ఇసుక గుంటో, నీటి మడుగో అయి ఉంటుంది. నాకు మాత్రం మా నాన్న అడ్డం. ఆయన్ని బాపు అనేవాళ్ళం.

శామీర్‌పేట దాటి మేడ్చల్ వైపు తిరిగాక, ఇప్పుడు ఒకే రంగు విల్లాలు వరసగా నిలబడి ఉన్నచోట మా ద్రాక్షతోట ఉండేది. బాపు పోయినప్పుడు తోటలోనే దహనం చేసి, ఆ చోటే నడుమెత్తు గద్దె కట్టి పైన నల్లరాయి వేయించాం. మా వైపు పొలం ఉన్న కుటుంబాల్లో అదే పద్ధతి. మనిషి ఏ మట్టిలో పనిచేశాడో ఆ మట్టిలోనే ఉంటాడు. గద్దెకు ఎడంపక్క ఇంకొక మనిషికి సరిపడా జాగా వదిలాం. అది అమ్మది. ఆ జాగా అమ్మే స్వయంగా చూసుకుంది. వానకు నీళ్ళు నిలవకుండా ఒక ట్రాక్టర్ ఎర్ర మొరం మట్టి పోయించమని కూడా చెప్పింది. పోయించాను.

తర్వాత భూమి అమ్మేశాం. చుట్టుపక్కల అందరూ అమ్మారు, మేమూ అమ్మాం. దాని గురించి నాకు నిద్ర పట్టకపోవడం, గుండె బరువెక్కడం లాంటివేమీ లేవు. నేను ప్లాట్ల వ్యాపారం చేసేవాణ్ణి, భూమి చేతులు మారుతుందని నాకు తెలుసు. కొన్న కంపెనీ వాళ్ళతో ఒకటే మాట అనుకున్నాం. గద్దె జోలికి, పక్కనున్న జాగా జోలికి రాకూడదు. వాళ్ళు సరేనన్నారు. మా వైపు మాటంటే మాటే కాబట్టి ఎవరం కాగితం అడగలేదు. పెళ్ళికొచ్చిన వాళ్ళకు స్టీలు గిన్నె పెట్టినట్టు, పోతూ పోతూ వాళ్ళు నాకు గోల్ఫ్ మెంబర్‌షిప్ కూడా ఇచ్చారు.

విల్లాల మధ్య తొమ్మిది జెండాల చిన్న గోల్ఫ్ కోర్సు వేశారు. దాని పటం గీసినాయన ఎక్కడివాడో నాకు తెలియదు. ఏడో జెండాను సరిగ్గా గద్దె వెనకాల పెట్టాడు. సర్వే పటంలో గద్దెను చూసి అది నీళ్ళ సంపు మూత అనుకున్నాడని తర్వాత తెలిసింది. జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డిని గ్రీన్ అంటారు. మా గ్రీన్‌కు కుడివైపు కుంట, ఎడమవైపు ప్రహరీ, ఎదురుగా బాపు. బతికున్నప్పుడు కూడా ఆయన దారికి అడ్డంగా మంచం వేసుకునే పడుకునేవాడు. అప్పుడు మేం చుట్టూ తిరిగి పోయేవాళ్ళం. గోల్ఫ్‌లో ఆ సౌకర్యం లేదు.

నాకు గోల్ఫ్ మీద మోజు ఉండి మొదలుపెట్టలేదు. డాక్టరు రోజూ నడవమన్నాడు. పనేమీ లేకుండా నడవడం నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. చేతిలో కర్ర, ముందొక బంతి ఉంటే కనీసం దేన్నో తరుముకుంటూ పోతున్నట్టు ఉంటుంది. అలా మొదలుపెట్టాను. నా బంతి మోకాలెత్తుకు మించి ఎప్పుడూ లేవలేదు. నేలబారుగా ఉరికేది. ఏడో జెండా దగ్గరికి రాగానే నేను బంతిని జేబులో వేసుకుని, గద్దెకు దండం పెట్టి, ఎనిమిదో దానికి పోయేవాణ్ణి. ఇది రూల్స్‌లో లేదు. అయినా నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఎందుకంటే సగంమంది అదే చేసేవారు, దండం మినహా.

మిగతా సగంమంది కొట్టేవారు. కొట్టిన బంతి గద్దెకు తగిలి 'టక్'మనేది. మా ఇల్లు ప్రహరీకి అవతలే, ఊరి చివర. అమ్మ కోసం గోడలో చిన్న గేటు పెట్టించాను, రోజూ సాయంత్రం పోయి దీపం పెట్టి వస్తుంది. టక్‌మన్నప్పుడల్లా ఆమె వంటింట్లోంచి "మల్ల తాకింది" అనేది. తాకింది గద్దెకని ఆమె ఎప్పుడూ అనలేదు. "మీ బాపుకు మల్ల తాకింది, ఎవడో సూడు పో" అనేది. నేను పోయి చూసేవాణ్ణి. ఎవరో ఒక టోపీ పెద్దమనిషి బంతి కోసం కుంటలో వెతుక్కుంటూ ఉండేవాడు. నల్లరాయి మూల కొంచెం పెచ్చు లేచింది. ఒకసారి బంతి రాయికి తగిలి వెనక్కి వచ్చి కొట్టినాయన మోకాలికే తగిలింది. బాపు స్వభావం తెలిసిన మా ఊరివాళ్ళెవరికీ అది వింతగా అనిపించలేదు.

ఆ మోకాలు విల్లాల అసోసియేషన్ సెక్రటరీది కావడంతో గొడవ మొదలైంది. ఆయన రిటైరైన ఇంజినీరు. గోల్ఫ్ రూల్స్ పుస్తకం ఎప్పుడూ జేబులో ఉంటుంది. అలాగని చెడ్డమనిషి కాడు, కానీ ప్రతి విషయాన్నీ ఎజెండాలో పెడితే తప్ప ఆయనకు ఊపిరాడదు. కంపెనీ వాళ్ళు కోర్సును మెంబర్లకు అప్పగించి వెళ్ళిపోయారు, వాళ్ళతో పాటు వాళ్ళ మాట కూడా వెళ్ళిపోయింది. మీటింగు పెట్టారు. సమాధిని పూర్తి గౌరవంతో ఊరి శ్మశానానికి మార్చి, అక్కడ పాలరాయితో కొత్తది కట్టిద్దామని సెక్రటరీ అన్నాడు.

"మేం మిమ్మల్ని నొప్పించాలని కాదండి. మామూలు మెంబరుకు దాన్ని దాటించడం అసాధ్యం. అసాధ్యమైన అడ్డం కోర్సులో ఉండకూడదు కదా" అన్నాడు.

నాకు ముక్కు మీద కోపం. దాని వల్ల వ్యాపారంలో లాభపడ్డాను, నష్టపోయాను, రెండూ ఉన్నాయి. ఆ రోజు మాత్రం నోరు జారింది.

"ఎందుకు దాటదు? నేను దాటిస్త" అన్నాను.

ఎవరో వెనకాల నవ్వారు. నా బంతి ఎంతెత్తు లేస్తుందో అక్కడ అందరికీ తెలుసు.

"ఎప్పుడు?" అన్నాడు సెక్రటరీ.

"వానలు పోయినంక మెంబర్ల పోటీ ఉంది గద. గా రోజే."

"అయితే అందరి ముందూ ఒక్క బంతి. దాటి గ్రీన్ మీద ఆగితే సమాధి అక్కడే ఉంటుంది, ఇక నేను మాట్లాడను. ఆగకపోతే మార్చడానికి మీరు ఒప్పుకోవాలి."

ఒప్పుకున్నాను. పెళ్ళి కుదిరినట్టు అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి అమ్మకు సగమే చెప్పాను. మిగతా సగం ఆమె నా ముఖం చూసి లాగేసింది. వింటున్నంతసేపూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది. చివరికి ఒకటే అడిగింది.

"మీ బాపును జరుపుతే నా జాగ ఏడుంటది?"

"ఆయన పక్కనే ఉంటది అమ్మా. శ్మశానంల."

"శ్మశానంల నాకెవరెరుక?" అంది.

మా ఊరి శ్మశానంలో ఆమెకు నిజంగానే ఎవరూ తెలియదు. ఆమె పుట్టిల్లు వేరే ఊళ్ళో, అత్వెల్లిలో. పోయిన మా వాళ్ళంతా ఎవరి పొలాల్లో వాళ్ళున్నారు. చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఆమె లోపలికి పోయింది. ఆ రోజు నేను భయపడ్డాను.

మర్నాడే కోచ్ దగ్గరికి పోయాను. పేట్ బషీరాబాద్ నుంచి వచ్చే ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. వాళ్ళ నాన్న మిలిటరీలో చేశాడట, ఆమెకు నిలబడటంలోనే ఆ కడక్‌తనం ఉంది. నన్ను మొదటి క్షణం నుంచీ అంకుల్ అంది. నాకు అంకుల్ అనిపించుకునే వయసు వచ్చి చాలాకాలమైంది కానీ అనిపించుకోవడం ఇంకా అలవాటు కాలేదు.

"అంకుల్, మీకు లాబ్ ఎందుకు? మీకు ముందు మామూలు షాట్ రావాలి కదా."

"మామూల్ది తర్వాత నేర్చుకుంట. ముందు గిదే గావాలె."

కారణం చెప్పాను. ఆమె కాసేపు నావైపు చూసి, వెడల్పాటి మొహం ఉన్న ఒక కర్ర తీసి ఇచ్చింది. దాన్ని లాబ్ వెడ్జ్ అంటారు. కర్ర అనడం అలవాటే కానీ అది ఇనుమే. ఆ ఇనుప మొహాన్ని ఆకాశం వైపు తిప్పి, అన్నం కింద గరిటె పోనిచ్చినట్టు బంతి కిందుగా దాన్ని పోనివ్వాలి. బంతిని లేపాలని మనం ప్రయత్నించకూడదు. లేపడం కర్ర పని. వినడానికి ఇంతే.

మొదట బంతి వెనకాల నేలను కొట్టాను. మట్టిపెళ్ళ లేచింది, బంతి కదల్లేదు. తర్వాత బంతి నెత్తిన కొట్టాను. అది తుపాకీ గుండులా నేలబారుగా పోయి ఎవరిదో విల్లా గోడకు తగిలింది. ఆ తర్వాత ఈ రెండే మార్చి మార్చి చేశాను. ఇంటి దగ్గర పెరట్లో దండెం మీద ఆరేసిన దుప్పటి మీంచి కొట్టి, అవతల అమ్మ టార్పాలిన్ మీద ఆరబోసిన ఎండుమిరపకాయల్లో పడేయాలని చూశాను. మిరపకాయల్లో పడితే బంతి ఆగుతుంది, అందులో కష్టమేమీ లేదు. కష్టం దుప్పటి దగ్గరే. ఆ దుప్పటి దెబ్బలు తినీ తినీ ఉతకనక్కర్లేనంతగా దులిపినట్టయింది.

"గడ్డి గీకుతున్నవా, ఆట ఆడుతున్నవా?" అని అడిగింది అమ్మ.

"నేర్చుకుంటున్న."

"మీ బాపు గడ్డపార వట్టుకున్నా గింత మన్ను లేవకపోతుండె."

తర్వాత ఏడో జెండా దగ్గరికే పోయి ప్రాక్టీసు మొదలుపెట్టాం. పొద్దున్నే, ఎవరూ రాకముందు. ఆ కోర్సులో నాకొక్కటే తెలివి ఉంది, గాలి విషయంలో. మిగతావాళ్ళు గాలి ఎటు వీస్తుందో తెలుసుకోవడానికి గడ్డి పరకలు తెంపి ఎగరేస్తారు. నేను ఊపిరి పీలుస్తాను. జవహర్‌నగర్ చెత్తగుట్టల వాసన వచ్చిందంటే గాలి దక్షిణం నుంచి, అంటే వెనకనుంచి వీస్తున్నట్టు. బంతి ఎక్కువ పోతుంది. వాసన రాలేదంటే ఎదురుగాలి. ఈ సంగతి కోచ్‌కు చెబితే ముక్కు మూసుకుంది, కానీ కాదనలేదు.

మొదటి రోజే అమ్మ గేటు తెరుచుకుని వచ్చేసింది. వెనకాల పనిమనిషి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి పోయింది. అమ్మ కూర్చుని, నేను బంతి పెట్టుకోవడం, కాళ్ళు సర్దుకోవడం అంతా చూసింది. అప్పటిదాకా ఆమెకు విషయం పూర్తిగా బుర్రకెక్కినట్టు లేదు.

"ఏందిరా, మీ బాపు మీదికెల్లి ఏస్తవా?"

"అవును. గదే గద పందెం."

"పండుకున్న మనిషిని దాటుతర్రా ఎవలన్న?"

నేను కర్ర దించేశాను. కోచ్‌కు అర్థం కాలేదు. నేనే వివరించాల్సి వచ్చింది. మా ఇళ్ళల్లో పడుకున్న మనిషిని దాటకూడదు. చిన్నపిల్లల్ని దాటితే పెరగరంటారు, పెద్దవాళ్ళను దాటితే మర్యాద కాదంటారు. పొరపాటున దాటితే, దాటినవాళ్ళు మళ్ళీ వెనక్కి దాటాలి. అప్పుడు లెక్క సరిపోతుంది. బాపు మధ్యాహ్నాలు ద్రాక్షపందిరి కింద మంచం మీద పడుకుంటే మేం పిల్లలం అటువైపు పోయిన పిట్టను కూడా అనుమానంగా చూసేవాళ్ళం.

"బాపు ఇగ పెరిగేదేముందమ్మా" అన్నాను.

అమ్మ నావైపు చూసిన చూపుకు కోచ్ కూడా రెండడుగులు వెనక్కి వేసింది.

తర్వాత అమ్మే దారి చెప్పింది. దాటించిన ప్రతి బంతినీ అవతలి వైపు నుంచి మళ్ళీ ఇవతలికి దాటించాలి. చేత్తో పట్టుకొచ్చి పడేస్తే కుదరదు. ఎలా పోయిందో అలాగే రావాలి. ప్రపంచంలో ఎక్కడా లాబ్ షాట్‌ను ఇలా నేర్పి ఉండరని కోచ్ అంది. కానీ కాస్త ఆలోచించి, ప్రాక్టీసు రెండింతలవుతుంది కాబట్టి మంచిదేనంది. గ్రీన్ మీద మాత్రం ఈ కర్రతో కొట్టకూడదు, నున్నటి గడ్డి లేచిపోతుంది. బంతిని గ్రీన్ అవతలి మొరటు గడ్డిలోకి తీసుకుపోయి అక్కణ్ణుంచి వెనక్కి కొట్టమంది. అమ్మ దానికి ఒప్పుకుంది.

అలా వానాకాలమంతా అటూ ఇటూ కొట్టాను. దాటినా దాటకపోయినా కోచ్ నన్ను అవతలికి తీసుకుపోయి వెనక్కి కూడా కొట్టించేది. చాలా రోజులు అటూ దాటలేదు, ఇటూ దాటలేదు. బంతి పోయి గద్దెకు తగిలినప్పుడల్లా అమ్మ "అయ్యో" అనేది. అది నాకోసమో ఆయనకోసమో అడగలేదు.

"అంకుల్, అంతా బాగానే చేస్తున్నారు. బంతి దగ్గరికి వచ్చేసరికి కర్రకు బ్రేక్ వేస్తున్నారు."

"ముందల మా బాపు ఉన్నడమ్మా."

"అందుకే బ్రేక్ వేయకూడదు. మీరు మెల్లగా కొడితేనే ఆయనకు గట్టిగా తగులుతుంది. గట్టిగా కొడితే పైనుంచి మెత్తగా పోతుంది."

ఇది నా బుర్రకెక్కడానికి చాలాకాలం పట్టింది. జాగ్రత్త పడ్డకొద్దీ తగలడం ఏమిటి? కానీ అదే జరిగేది. చివరి క్షణంలో చేతులు వాటంతటవే భయపడేవి, కర్ర ఆగినట్టయ్యేది, బంతి నేలబారుగా పోయేది, టక్. నాకు విసుగు, దాని వెనక సిగ్గు. ఒకరోజు కోపం పట్టలేక కర్రను కుంటలోకి విసిరేశాను. తర్వాత ప్యాంటు మడుచుకుని దిగి తెచ్చుకున్నాను. ఆ కర్ర కోచ్‌ది.

మొదటిసారి దాటిన రోజు కూడా కోపంలోనే ఉన్నాను. సెక్రటరీ పొద్దున నడకకు వచ్చి, దూరంగా నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. నవ్వుతున్నట్టు అనిపించింది. నిజానికి ఎండకు కళ్ళు చికిలించాడేమో. నాకు ఒళ్ళు మండి, బాపు సంగతి, బ్రేకు సంగతి అన్నీ మర్చిపోయి సాగదీసి కొట్టాను. బంతి కనబడలేదు. కొట్టిన చప్పుడు కూడా సరిగా రాలేదు, గడ్డి మీద చీపురు ఆడినట్టు చిన్నగా వచ్చింది. కుంటలో పడిందేమోనని అటు చూస్తున్నాను.

"పైకి సూడు" అంది అమ్మ.

పైన ఉంది. అక్కడ కాసేపు ఉండి, గద్దె అవతల గ్రీన్ మీద 'తప్'మని పడి ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. కోచ్ నా వీపు మీద కొట్టింది. అమ్మ మాత్రం, "ఇగ ఎనకకు ఎయ్యి" అంది.

పోటీ రోజు వచ్చింది. షామియానా, కుర్చీలు, సమోసాలు. మెంబర్లంతా ఏడో జెండా దగ్గర అర్ధచంద్రంగా నిలబడ్డారు. అమ్మ ముతక జరీ అంచు చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. బాపు గద్దె మీద పొద్దున్నే బంతిపూలు పెట్టి, పసుపు కుంకుమ రాసి వచ్చింది. దాంతో చూసేవాళ్ళకు అడ్డం ఇంకాస్త పెద్దదిగా కనబడింది.

వాసన రాలేదు. ఎదురుగాలి. ఇది తప్పితే మార్చడానికి ఒప్పుకోవాలి, అమ్మను ఎవరూ తెలియని చోటికి పంపాలి. నా మనసులో ఇదొక్కటే ఉంది. ఇంత ఉంటే బ్రేకు పడుతుందని కూడా తెలుసు. కర్ర మొహం తిప్పాను. అమ్మ వైపు చూడలేదు. కొట్టాను.

బంతి లేచింది. అంతమంది తలలూ ఒకేసారి లేచి, ఒకేసారి దిగాయి. బంతి గ్రీన్ నడుమ పడి, ఒక్క చిన్న గెంతు వేసి, జెండాకు మంచమంత దూరంలో ఆగింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ వానాకాలమంతా నా కాళ్ళకు ఒకటే అలవాటైంది. చప్పట్లు వినబడుతూనే ఉన్నాయి, నేను గద్దె చుట్టూ తిరిగి గ్రీన్ మీదికి పోయాను. మొరటు గడ్డిలోకి తీసుకుపోవాలన్న సంగతి గుర్తులేదు. బంతి ఉన్నచోటే నిలబడి, కాళ్ళు సర్దుకుని, కర్ర మొహం ఆకాశానికి తిప్పి, వెనక్కి కొట్టాను. బంతి మళ్ళీ బాపును దాటి వచ్చి, మొదట కొట్టినచోటికి దగ్గరగా మెంబర్ల కాళ్ళ మధ్య పడింది. దాంతో పాటు గ్రీన్ మీంచి జొన్నరొట్టంత పెళ్ళ లేచి ఎగిరి పడింది.

చప్పట్లు ఆగిపోయాయి. కోచ్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఇదేంటండీ! గ్రీన్ తవ్వేశారు! బంతి మళ్ళీ ఇక్కడికే వచ్చింది! ఇది దాటినట్టా, దాటనట్టా?" అన్నాడు సెక్రటరీ.

అమ్మ కుర్చీలోంచి లేచింది.

"దాటింది సారూ. పండుకున్న పెద్దమనిషిని దాటినంక ఎనకకు దాటాలె. మీ ఇంట్ల దాటరా?"

సెక్రటరీ జేబులోంచి పుస్తకం తీశాడు. చాలాసేపు తిప్పాడు. ఎవరో సమోసా ఇస్తే వద్దన్నాడు. ఆ మనిషికి పుస్తకంలో ఉన్నదానికి ఎదురు మాట్లాడటం చేతకాదని నాకు అప్పుడే తెలిసింది.

"ఆటగాడు ఏ దిక్కుకు కొట్టాలన్నది ఇందులో ఎక్కడా లేదు" అన్నాడు చివరికి, చాలా బాధగా. "మొదటి దెబ్బకు దాటి ఆగింది. పందెం అంతే. రెండో దెబ్బకు కూడా దాటింది. కాబట్టి అసాధ్యం అనడానికి లేదు. సమాధి ఉంటుంది." పుస్తకం మూసి, "గ్రీన్ పాడుచేసినందుకు మీరు రేపటి నుంచి నెల రోజులు కోర్సులోకి రాకూడదు. అమ్మగారు రావచ్చు" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాను. ఆయనకు ఇబ్బందిగా ఉన్నా లాక్కోలేదు.

అందరూ ఎనిమిదో జెండా వైపు కదిలారు. నేను, కోచ్ కలిసి లేచిన పెళ్ళను దాని చోట్లో పెట్టి కాలితో అదిమాం. అమ్మ గద్దె దగ్గర నిలబడి పూలు సర్దుతోంది. సర్దడం అయిపోయాక ఎడంపక్కన మొరం పోయించిన జాగాను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది.

"నేను గుడ వచ్చినంక గిది ఎడల్పయితది గద" అంది.

"అయితది."

"గప్పుడు గుడ దాటుతదా?"

నేను కోచ్ వైపు చూశాను. ఆమె నేలను చూస్తోంది.

"దాటుతదమ్మా. ఇంకింత ఎత్తు లేపాలె, అంతే."

అమ్మ ఒక చెయ్యి గద్దె రాయి మీద ఆనించి, మెల్లగా మోకాళ్ళు మడిచి, ఆ జాగాలో బాపు పక్కన కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"ఎయ్యి, సూస్త."

"ఏందమ్మా గిది, లే. తాకుతది."

"తాకదు. ఎయ్యి."

"ఇప్పుడొద్దు. తర్వాత ఎప్పుడన్న ఏస్త."

"తర్వాత ఏస్తే నాకు కనవడుతదా?" అంది అమ్మ.

కోచ్ పక్కకు తిరిగింది. నా కళ్ళల్లో నీళ్ళు నిండాయి. ఈ షాట్‌కు బంతి స్పష్టంగా కనబడాలి. గద్దె ఇవతలికి వచ్చి, కనబడేదాకా ఆగి, గడ్డి మీద బంతి పెట్టాను.